దొంగచేదు

మా అత్తగారి లెక్కలో చేదు రెండు రకాలు. ఒకటి ఇంటిచేదు, రెండోది దొంగచేదు. కాకరకాయది, మెంతులది, వేపపువ్వుది ఇంటిచేదు. అది ముందే చెప్పి వస్తుంది, మనం తెలిసే తింటాం. దోసకాయలోనో, ఆనపకాయలోనో, బీరకాయలోనో ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి తగిలేది దొంగచేదు. ఉండకూడని చోట దూరిన చేదు. ఇంటిచేదుకి మర్యాద చెయ్యొచ్చు గానీ దొంగచేదు నాలుక్కి తగిలిందంటే ఉమ్మెయ్యాలి, కాయ పారెయ్యాలి, అంతే. ఈ మాటలు ఆవిడ పుట్టిన దివిసీమ ఊళ్ళో అందరూ వాడతారో, వాళ్ళమ్మ ఒక్కతే వాడేదో నాకు తెలియదు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతూ కూడా, ఆ ఇంట్లో కాపురానికి వచ్చే వరకు ఆ తేడా ఎరగను.

ఎరగకపోవడం వల్ల జరిగింది కూడా చెప్పాలి. పెళ్ళైన రెండో వారంలో అత్తగారు ఎవరింటికో పేరంటానికి వెళ్తే, నా పనితనం చూపిద్దామని దోసకాయ పప్పు చేశాను. కాయ పచ్చగా, చక్కగా ఉంది. తొక్క తీసి, ముక్కలు కోసి, పప్పులో వేసి ఉడకబెట్టి ఘుమఘుమలాడే తాలింపు పెట్టాను. భోజనాల వేళకి ఆవిడ తిరిగొచ్చారు. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తారు. నేను రుచి చూసి నీళ్ళ గ్లాసు కోసం వెతుక్కున్నాను. పప్పులో కాలెయ్యడమంటే ఏమిటో ఆ రోజు అక్షరాలా తెలిసింది. మావయ్యగారు మాత్రం ఏమీ అనకుండా రెండో ముద్ద కలుపుకుంటున్నారు. అత్తగారు వచ్చి ఆయన ముందు నుంచి కంచం లాగేశారు.

"దోసకాయ కొయ్యగానే చేదు చూడాలమ్మాయ్. మీ అమ్మ చెప్పలేదా?" అన్నారు.

మా అమ్మ చెప్పింది. నేనే వినలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నాకు కోపం ముందు పుడుతుంది, బుద్ధి తర్వాత వస్తుంది, ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. "ఉడికితే పోతుందనుకున్నానండి" అన్నాను ముఖం ముడుచుకుని.

"కాకర చేదు ఉడికితే తగ్గుతుంది. ఇది దొంగచేదు. ఉడకబెట్టినా పోదు, వేయించినా పోదు" అన్నారు ఆవిడ. తర్వాత నేను పుస్తకాలు తిరగేసి చూస్తే సరిగ్గా అదే ఉంది. నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆవిడ చేదు చూసే పద్ధతి ఒక క్రతువులాగా ఉండేది. ముచ్చిక వైపు, తొడిమ దగ్గర కాస్త కోసి పారేసి, అక్కడే కాగితమంత పల్చని ముక్క ఒకటి తీసేవారు. కళ్ళు మూసుకుని నాలుక చివర ఆనించుకునేవారు. మింగేవారు కాదు. రెండు క్షణాలు ఆగి, "తీపే" అని కళ్ళు తెరిచేవారు. చేదు లేని కాయలన్నీ మా ఇంట్లో తీపే. గింజల దగ్గర ఇంకో ముక్క, అదీ తీపే అయితే అప్పుడు కత్తిపీట ముందుకు జరిగేది. నేను గుంటూరు వైపు పిల్లని కాబట్టి సొరకాయ అంటాను, ఆవిడ ఆనపకాయ అంటారు. పేరు దగ్గర పదిహేనేళ్ళుగా ఇద్దరం రాజీ పడలేదు. చేదు చూడటం దగ్గర మాత్రం నేను పూర్తిగా ఓడిపోయాను. కీరదోసకాయ కొన కోసి నురగ వచ్చేదాకా రుద్దితే చేదు పోతుందనే వాళ్ళని చూసి ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం. "రుద్దితే పోయేది మసి" అనేవారు ఆవిడ.

ఇదొక్కటే కాదు. పచ్చబడ్డ బంగాళాదుంపని ఆవిడ ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. కంద తరిగే ముందు చేతులకి నూనె రాసుకోవాలి, ఉడికేటప్పుడు చింతపండు పడాలి. నేను ఒకసారి నూనె రాసుకోకుండా తరిగి, మోచేతుల దాకా గోక్కుంటూ నిలబడ్డాను. కందలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయని, అవి చర్మంలో గుచ్చుకుంటాయని గోక్కుంటూనే ఆవిడకి వివరించాను.

"సూదులని నీకు చదివితే తెలిసింది. నాకు గోకితే తెలిసింది" అన్నారు ఆవిడ. పక్క గదిలోంచి మావయ్యగారు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, మీ ఇద్దరికీ ఇవాళ కందే దొరికిందా?" అని నవ్వారు.

మొక్కకి కాళ్ళు లేవు, పురుగు వస్తే పారిపోలేదు, అందుకని తన ఒంట్లోనే విషం దాచుకుంటుంది అని నేను క్లాసులో చెబుతుంటాను. పిల్లలు అక్కడ కాస్త నిద్ర లేస్తారు. అదే మాట ఒకరోజు అత్తగారితో అంటే, ఆవిడ ఆశ్చర్యపోలేదు. "అంతేగా మరి. మనం కోసుకు తింటుంటే అదెందుకు ఊరుకుంటుంది?" అన్నారు. ఆ తర్వాత నేను ఆ పాఠం చెప్పినప్పుడల్లా ఆ వాక్యం కూడా కలిపి చెబుతున్నాను. ఎవరిదో మాత్రం చెప్పను.

ఇక మావయ్యగారు. ఇబ్రహీంపట్నంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏం పెట్టినా "బాగుంది" అనే మనిషి. చారు నీళ్ళలా ఉన్నా బాగుంది, కూర మాడినా బాగుంది. మొదట్లో అది మంచితనం అనుకున్నాను, తర్వాత బద్ధకం అనుకున్నాను. ఆయనకి షుగరు వచ్చాక, పొద్దున్నే మా భవానీపురంలో కృష్ణ ఒడ్డున నడక మొదలుపెట్టారు. నడక మంచిదే గానీ, నడిచేవాళ్ళతో వచ్చిన చిక్కుంది. అక్కడ అందరూ వైద్యులే. ఒకాయన మెంతులు నానబెట్టుకు తినమంటాడు, ఒకాయన వేపాకు నమలమంటాడు. ఇంకొకాయన పరగడుపున పచ్చి సొరకాయ రసం ఒక గ్లాసు తాగితే మాత్రలు మానెయ్యొచ్చు అన్నాడు. సొరకాయ కోతలు అనే మాట ఇలాంటి వాళ్ళని చూసే పుట్టి ఉంటుంది. నేను మాత్రలు మానడానికి వీల్లేదని గొడవ పడ్డాను, రసం దగ్గర మాత్రం ఓడిపోయాను.

అత్తగారికి పచ్చి ఆనపకాయ రసం అంటే మొదటి నుంచీ ఇష్టం లేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కాయ ఆవిడే కొయ్యాలి, ఆవిడే చేదు చూడాలి. అప్పట్నుంచి రోజూ పొద్దున ఆరున్నరకి వంటింట్లోంచి "తీపే" అనే మాట, ఆ వెంటనే మిక్సీ చప్పుడు వినబడేవి. అలారం పెట్టుకోవడం మానేశాను.

కరోనా రెండో ఏడాది మా ఇంట్లో నలుగురికీ జ్వరం వచ్చింది. నలుగురం బతికి బయటపడ్డాం, అంతవరకు అదృష్టమే. అందరికీ రుచి, వాసన పోయాయి. నాకు మూడు వారాలకి తిరిగొచ్చాయి. మా ఆయనకి కాఫీ వాసన తెలిసిన రోజు పండగ చేసుకున్నాం. "నాకూ వచ్చేసిందమ్మాయ్" అన్నారు అత్తగారు. ఎవరం రెండోసారి అడగలేదు.

ఆ తర్వాత ఏడాదిలో కొన్ని జరిగాయి. నేను రాళ్ళుప్పు దొరకలేదని మెత్తటి ఉప్పు తెచ్చిన వారం, ఇంట్లో ప్రతి వంటా ఉప్పు కషాయమైంది. ఆవిడ ఎప్పటిలాగే గుప్పెటతో వేశారు. మెత్తటి ఉప్పు గుప్పెట్లో ఎక్కువ పడుతుంది. నాలుకతో చూసుకునే మనిషికి మొదటి రోజే తెలిసిపోతుంది. నాకు ఇదేమీ తట్టలేదు. కాలేజీకి టైమైపోతున్న కంగారులో, "కాస్త ఉప్పు చూసుకుని వెయ్యండి అత్తయ్యగారూ, మావయ్యగారికి బీపీ కూడా ఉంది" అని కసిరాను. ఆవిడ "సరేలే అమ్మా" అన్నారు. ఆ "సరేలే" ఇప్పుడు గుర్తొస్తే నాకు నా మీద అసహ్యం వేస్తుంది. రంగు మారితే చెబుతాను, బరువు మారితే చెబుతాను, ల్యాబులో ఇవన్నీ పిల్లలకి నేర్పుతాను. రోజూ పక్కన నిలబడి వండే మనిషి మారిపోతే కనిపెట్టలేకపోయాను.

ఒక మే నెల ఆదివారం. మావయ్యగారు నడక నుంచి ఒక సొరకాయ పట్టుకొచ్చారు. స్నేహితుడు డాబా మీద కుండీల్లో పెంచిన కాయ. "మందు కొట్టని కాయమ్మా. అన్నీ సహజమే" అన్నారు నాకు చూపించి. ఆ స్నేహితుడు వారం రోజులు పెళ్ళికి ఊరెళ్తే, ఆ ఎండల్లో పాదుకి నీళ్ళు పోసిన వాళ్ళు లేరట. అయినా కాయ నిలబడిందని ఆయన మురిసిపోయాడట. నీళ్ళు లేక మాడిన పాదు పగ పడుతుందని, మనుషులు కొట్టని మందు తనే కొట్టుకుంటుందని నాకు తెలుసు. పేపరు చదువుతూ విన్నాను, బుర్రకెక్కలేదు.

వంటింట్లోంచి "తీపే" అని వినబడింది. మిక్సీ తిరిగింది. అత్తగారు కాస్త పుదీనా, నిమ్మరసం కలిపి గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళారు. ఆయన నాకు ఎదురుగానే కూర్చున్నారు. ఒక గుక్క తాగి ఆగారు. గ్లాసు వంక చూశారు. వంటింటి వైపు ఒకసారి చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని మిగిలినదంతా ఎత్తిపట్టి తాగేసి గ్లాసు కింద పెట్టారు. నేను పేజీ తిప్పాను.

అరగంట కాలేదు, కడుపు పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళారు. ఒకటి వెనక ఒకటి వాంతులు. మూడో దాంట్లో నెత్తురు జీరలు కనిపించాయి. మా ఆయన కారు తియ్యడానికి కిందికి పరిగెత్తారు. మావయ్యగారి చేతులు చల్లబడుతున్నాయి. పొద్దున్నుంచి ఇంకా ఏమీ తినని మనిషికి ఇదేమిటని నాకు అప్పుడు రసం గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళాను. మిక్సీ జార్ ఇంకా కడగలేదు. అడుగున రెండు చెంచాల రసం ఉంది. చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

ఆ చేదు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. కాకరకాయ చేదు నాలుక మీద ఆగుతుంది. ఇది గొంతులోకి, చెవుల్లోకి పాకింది. కుళాయి కింద నోరు పెట్టి పుక్కిలించి ఉమ్మాను, మళ్ళీ పుక్కిలించాను. తల ఎత్తేసరికి అత్తగారు వెనకాలే ఉన్నారు.

"ఏమైందమ్మాయ్?"

"చేదు అత్తయ్యగారూ. ఇది చేదు."

ఆవిడ జార్‌లో వేలు ముంచి నాలుక్కి ఆనించుకున్నారు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నారు. రెండు క్షణాలు. కళ్ళు తెరిచి నా మొహం చూశారు. ఆవిడ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"చేదుగా ఉందా?" అని అడిగారు.

నా జీవితంలో నేను విన్న ప్రశ్నల్లో అంత భయపెట్టింది ఇంకోటి లేదు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. జార్ సింకులో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "పద, ఆయన దగ్గరికి పద" అన్నారు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను సొరకాయ రసం అనగానే డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "చేదుగా ఉందా అండీ?" అదృష్టం బాగుండి నా నోట్లో ఇంకా ఆ చేదు ఉంది. అవునన్నాను. దీనికి విరుగుడు అంటూ లేదని, సెలైన్లు ఎక్కిస్తూ, బీపీ పడిపోకుండా కాచుకుని ఉండాలని ఆయన చెప్పారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. మర్నాటికి మనిషి కళ్ళు తెరిచి అందర్నీ చూశారు.

"మొదటి గుక్కకే తెలిసిపోతుందండీ. అప్పుడే ఉమ్మేస్తే ఇంతవరకు వచ్చేది కాదు. గ్లాసంతా ఎలా తాగారు?" అని అడిగారు డాక్టరుగారు.

"చేదు షుగరుకి మంచిదనుకున్నానండీ" అన్నారు మావయ్యగారు నీరసంగా.

"అందరూ అదే అంటారు" అని డాక్టరుగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న అత్తగారు తల వంచుకుని దుప్పటి అంచు సరిచేస్తున్నారు.

మూడో రోజు ఇంటికొచ్చాం. మావయ్యగారు కోలుకున్నారు. అత్తగారు పడిపోయారు. పడిపోవడమంటే మంచం పట్టలేదు, వంటింటి గడప దాటి లోపలికి రావడం మానేశారు. కత్తిపీట ముట్టుకోలేదు. నేను బతిమాలి అడిగితే అప్పుడు చెప్పారు. జ్వరం వచ్చినప్పటి నుంచి ఆవిడ నాలుక్కి వేడి, చల్లన తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు నన్ను వండనిస్తావా? కూర్చోబెట్టి వడ్డిస్తావు. ఏం తింటున్నానో నాకెలాగూ తెలీదు. వండేటప్పుడన్నా చేతికి తెలుస్తుంది కదా అనుకున్నాను." కాస్త ఆగి, "నా చేతి మీద ఇన్నేళ్ళలో ఒక్క దొంగచేదు దాటలేదమ్మాయ్. ఇప్పుడు నేనే చేతికిచ్చాను. నాలుక లేని దానికి వంటింట్లో పనేముంది?" అన్నారు.

నేను వండాను. మా ఆయన వండారు. ఆవిడ హాల్లో కూర్చుని, పెట్టింది నాలుగు మెతుకులు తిని లేచిపోయేవారు. రుచి తెలియని మనిషిని అన్నం దగ్గర కూర్చోబెట్టేది ఆ వండే పనే. అదీ పోయాక ఆవిడకి కంచంతో సంబంధం తెగిపోయింది. రెండు వారాల్లో గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మాత్రలతో రుచి తెప్పించలేం, కొంతమందికి ఆలస్యంగా వస్తుంది, కొంతమందికి రాదు అన్నారు మేం చూపించిన డాక్టర్లు. ఈవిడని మళ్ళీ కత్తిపీట ముందు కూర్చోబెట్టకపోతే ఈవిడ మాకు దక్కరని నాకు గట్టిగా అనిపించింది. భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపం చూపించడానికి మావయ్యగారు దొరికారు.

ఒక సాయంత్రం బాల్కనీలో ఆయన ఒక్కరే ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"మావయ్యగారూ, ఆ రోజు మొదటి గుక్క తాగాక మీరు వంటింటి వైపు చూశారు. నేను చూశాను."

ఆయన కాసేపు కింద రోడ్డు మీద ఆటోలని చూశారు. "చూశానమ్మా" అన్నారు.

"చేదని తెలుసు మీకు."

"చేదు కాదమ్మా, విషం" అని నవ్వారు. "మీ అత్తయ్యకి నాలుక పోయిన సంగతి నాకు ఎప్పుడో తెలుసు. చేదుగా ఉందని నేను అరిస్తే నువ్వూ అబ్బాయీ పరిగెత్తుకొస్తారు. దాని గుట్టు బయటపడుతుంది. కాస్త కడుపులో తిప్పుతుంది, అంతేగా అనుకున్నాను."

నేను పెద్దవాళ్ళ మీద గొంతు లేపకూడదనే ఇంట్లో పెరిగాను. ఆ రోజు లేపాను. పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అన్నాను. నలభై అయిదేళ్ళు కాపురం చేసి ఆవిడతో ఒక్క ముక్క నిజం చెప్పడం చేతకాలేదా అన్నాను. మీ బాగుంది అనే మాట ఇంట్లో అన్నిటికన్నా పెద్ద విషం అన్నాను. చెబుతూ ఏడ్చేశాను కూడా. ఏడుస్తూ వెనక్కి తిరిగితే, బాల్కనీ తలుపు దగ్గర అత్తగారు ఒక చేత్తో మాత్రలు, ఒక చేత్తో మంచినీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. అపార్ట్‌మెంట్ గోడలు అంతే, ఎవరి మాటా ఎవరి దగ్గరా ఆగదు.

"మీకెప్పట్నుంచి తెలుసండీ?" అని అడిగారు ఆయన్ని.

"జ్వరం తగ్గాక అందరికన్నా ముందు నాకు రుచి తిరిగొచ్చింది, ఆ వారమే. నాలుగు రోజులు వరసగా ఉప్పు లేని చారు కాచావు. నువ్వూ అదే చారు పోసుకుని తిన్నావు. ఏమీ అనలేదు."

"మరి మీరు?"

"నేనూ తిన్నాను."

ఆవిడ నీళ్ళ గ్లాసు కిటికీ అంచు మీద పెట్టారు. "మీకేమన్నా అయ్యుంటే, నా చేత్తో నేనే చంపుకున్నదాన్నయ్యేదాన్ని కదండీ. అది ఆలోచించలేదా మీరు?" అన్నారు.

మావయ్యగారు ఆలోచించలేదు. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. ఆయన ఆవిడ పరువు ఒక్కటే చూశారు, ఆ గ్లాసు తర్వాత ఆవిడ ఎలా బతుకుతుందో చూడలేదు. "తప్పే" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున నేను రైతుబజారు నుంచి కావాలని కంద తెచ్చాను. నూనె రాసుకోకుండా కత్తిపీట ముందు కూర్చుని, అడ్డదిడ్డంగా తరగడం మొదలుపెట్టి, గట్టిగా గోక్కున్నాను. సగం నటన, సగం నిజంగానే దురద. అత్తగారు హాల్లోంచి ఎంతసేపని చూస్తారు? లేచొచ్చి, "లే అవతలికి. ఎన్నేళ్ళొచ్చినా నీకు కంద రాదు" అని నన్ను లేపి కూర్చున్నారు. చేతులకి నూనె రాసుకున్నారు. ముక్కలు ఒకే కొలతలో పడుతుంటే, నేను గోక్కోవడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు ఇంట్లో కొత్త పద్ధతి పెట్టాం. పచ్చి రసాలు బంద్. కొయ్యడం, వండడం అత్తగారిది. ఉప్పు కొలతకి రాళ్ళుప్పు, ఒక చెంచా. చేదు చూడటం మావయ్యగారిది, నిజం చెప్పాలి. ఆవిడ ఆయనకి నేర్పారు. ముచ్చిక దగ్గర ముక్క, నాలుక చివర మాత్రమే, మింగకూడదు, రెండు క్షణాలు. ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకుని, ఏ ముక్క ఇచ్చినా "బాగుంది" అనేవారు.

"బాగుంది కాదండీ. తీపా, చేదా?"

"తీపే."

ఆవిడకి నమ్మకం కుదర్లేదు. ఒకరోజు ఆయన కళ్ళు మూసుకున్నాక, బీరకాయ బదులు పచ్చి కాకరకాయ ముక్క నాలుక మీద పెట్టారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, మళ్ళీ విడిపోయాయి.

"తీపే" అన్నారు.

"చూడమ్మాయ్, కాకరకాయ తీపట" అని ఆవిడ నన్ను పిలిచారు. జ్వరం తర్వాత ఆవిడ అంతగా నవ్వడం నేను చూడలేదు. ఆయన్ని నమ్ముకుంటే అందరం పోతామని, అప్పట్నుంచి ఆయన చూసిన ప్రతి కాయా నేను కూడా చూస్తూ వచ్చాను. అత్తగారు తినడం మొదలుపెట్టారు. రుచి రాలేదు. "కరకరలాడేవి బాగున్నాయి" అని వడియాలు, అప్పడాలు ఎక్కువ తింటున్నారు. గాజులు మళ్ళీ మణికట్టు దగ్గరికి వచ్చాయి.

ఈ మధ్యనే, కార్తీకం వెళ్ళిన తర్వాత ఒక రోజు, దోసకాయ పప్పు చేద్దామనుకున్నారు. కాయ పచ్చగా, చక్కగా ఉంది. నేను స్టవ్ దగ్గర కందిపప్పు కడుగుతున్నాను. ఆవిడ గింజల దగ్గరి ముక్క కోసి ఆయనకి అందించారు. ఆయన కళ్ళు మూసుకుని నాలుక్కి ఆనించుకున్నారు. రెండు క్షణాలు దాటిపోయాయి, మాట రాలేదు. నేను తిరిగి చూశాను. ఆయన కళ్ళు తెరిచి ఆవిడ వైపే చూస్తున్నారు, ఆ రోజు హాల్లోంచి వంటింటి వైపు చూసిన చూపే. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"చేదు" అన్నారు.

"మళ్ళీ చెప్పండి" అన్నారు అత్తగారు.

"చేదుగా ఉందే. దొంగచేదు. పారెయ్" అన్నారు ఆయన ఈసారి కాస్త గట్టిగా, వెళ్ళి సింకులో ఉమ్మి, నోరు కడుక్కున్నారు. నేను ముక్క నాలుక్కి తాకించి చూసి ఉమ్మేశాను. నిజమే. అత్తగారు ఆ దోసకాయని రెండు చేతులా ఎత్తి చెత్తబుట్టలో వేసి వచ్చి, మళ్ళీ పీట మీద కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఏడుస్తున్నారని మావయ్యగారు కంగారు పడ్డారు. ఏడవడం లేదు, నవ్వుతున్నారు.

"నలభై అయిదేళ్ళకి ఇవాళ ఒక్కటి బాగాలేదన్నారు. నా అదృష్టం" అన్నారు. తర్వాత సరదాగానే అడిగారు. "ఇంతకు ముందెప్పుడన్నా నేను పెట్టింది చేదుగా ఉందా? ఇప్పుడన్నా నిజం చెప్పండి."

మావయ్యగారు గుమ్మానికి ఆనుకుని ఆలోచించారు.

"ఒక్కసారి. మన పెళ్ళైన మూడో నెలలో దోసకాయ పప్పు."

"ఆ రోజు నాకు ఉపవాసం. చేదు చూడలేదు" అన్నారు అత్తగారు. అంత పాత రోజు ఆవిడకి వెంటనే గుర్తొచ్చింది. "మీరు తినేసి ఆఫీసుకి వెళ్ళారు. గిన్నె ఖాళీగా ఉంటే బాగా కుదిరిందేమో అనుకున్నాను."

"నువ్వు రాత్రికి దాంతోనే ఎంగిలిపడతావని, మొత్తం నేనే తినేశాను. ఆ రోజు ఆఫీసులో నిలబడలేకపోయాను" అన్నారు.

ఆవిడ కత్తిపీట మడిచి గోడకి చేరవేసి, లేచి, ఆయన గడ్డం దగ్గర అంటుకున్న దోసగింజని వేలితో తీసేశారు.

"ఇక మీదట ఉమ్మేయండి" అన్నారు. "నేనేమీ అనుకోను."